నీటి వైద్యానికీ ఒక కొలత ఉంది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పని. కోరుట్ల, మెట్‌పల్లి వైపు గడపగడపకూ బీడీల చేట. సిరిసిల్ల గల్లీల్లో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు. జగిత్యాల చుట్టూ వరి, పసుపు, మామిడి. ఈ పనుల్లో ఒంటికి నొప్పి ఎలా పుడుతుందో తెలియాలంటే బీడీలు చేసే మహిళ కూర్చునే తీరును ఒక్క నిమిషం గమనిస్తే చాలు. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు అందుకోవడం, తంబాకు పరవడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అన్నీ వేళ్లే చేస్తాయి. ఆ వేళ్లు ఆగవు, మెడ మాత్రం కదలదు. చూపు చేట మీద, తల ముందుకు వంగి, నడుము గూనిగా గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి మధ్యలో లేస్తే లెక్క తగ్గుతుందన్న బెంగ. కదలకుండా బిగదీసుకున్న కండరానికి రక్తం సరిగా అందదు. అది గట్టిపడుతుంది, సాయంత్రానికి పట్టేస్తుంది. సాంచాల దగ్గర కథ వేరు. అక్కడ గంటలకొద్దీ నిలబడాలి, ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు తిరగాలి, తెగిన పోగును వంగి అతకాలి. నూలు నుంచి లేచే సన్నని దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతుంది. నడుము నొప్పి, మెడ నొప్పి, సర్ది, ముక్కు దిబ్బడ ఈ ప్రాంతంలో చుట్టపు చూపుగా వచ్చిపోయేవి కావు, ఇంట్లోనే కాపురం ఉండేవి.

వీటికి మన దగ్గర రెండు దారులు అలవాటయ్యాయి. మొదటిది దుకాణంలో దొరికే నొప్పి గోలీ, లేదా ఊళ్లో వేయించుకునే సూది. రెండోది ఇంట్లో ఉన్న వేడినీళ్లు. ఆవిరి పట్టడం, కాపడం పెట్టడం, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకోవడం, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. మొదటి దారి త్వరగా పనిచేస్తుందని అందరూ దానివైపే పోతారు. రెండోది పాతకాలపు చిట్కా అని కొందరు కొట్టిపారేస్తారు, సర్వరోగ నివారిణి అని మరికొందరు నెత్తిన పెట్టుకుంటారు. ఈ ఇద్దరి మాటా సగమే నిజమని నా అభిప్రాయం. ఇంటి నీటి వైద్యం నొప్పికి, దిబ్బడకు నిజంగా కొంత మేలు చేస్తుంది. అయితే ఆ మేలు చిన్నది, దానికి కొలత ఉంది. నీళ్ల వేడికి కొలత, పెట్టే సమయానికి కొలత, ఏ బాధకు వాడాలో, ఎక్కడ ఆపాలో దానికీ కొలత. ఆ కొలత తెలిసినవాళ్లకు ఇది మంచి మొదటి మెట్టు. తెలియనివాళ్లకు కాలిన గాయమైనా మిగులుతుంది, ముదిరిన జబ్బైనా మిగులుతుంది.

నీటితో వైద్యం అన్నది తెలుగువాళ్లకు పాత పరిచయమే. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే అనే ఆయన తొట్టి స్నానాల మీద ఒక వైద్య పద్ధతినే నిర్మించాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ పాఠకులకు అది అందింది ఆ తర్వాత పదేళ్లకు. అదే జర్మనీలో సెబాస్టియన్ క్నైప్ అనే చర్చి గురువు నీటి చికిత్స గురించి 1886లో రాసిన పుస్తకం యూరప్ అంతా తిరిగింది. గాంధీజీ కూనే తొట్టి స్నానాలను, మట్టి పట్టీలను తానే పాటించి, 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం పెట్టించారు. భీమవరంలో, హైదరాబాద్‌లో ప్రకృతి చికిత్సాలయాలు వెలిశాయి. ఈ పరంపర మనకిచ్చిన గొప్ప విషయం ఒకటుంది. రోగి తన ఒంటి బాగోగుల్లో తానూ చేయి వేయాలని, ఖర్చు లేని సాధనాలను చిన్నచూపు చూడరాదని అది నేర్పింది. కానీ అందులోనే ఒక పొరపాటూ వచ్చి చేరింది. జబ్బులన్నిటికీ మూలం ఒక్కటేనని, నీళ్లు ఆ మూలాన్నే కడిగేస్తాయని కూనే నమ్మాడు. క్షయకు క్రిమి కారణమని రాబర్ట్ కాక్ 1882లోనే చూపించాడు. ఆ క్రిమి తొట్టి స్నానానికి లొంగదు. కాబట్టి ఆ పెద్దల దగ్గర్నుంచి పద్ధతిని తీసుకుందాం. అది ఎంతవరకు పనిచేస్తుందన్న లెక్కను మాత్రం పరీక్షల్లో తేలినదాన్ని బట్టే వేసుకుందాం.

ముందు నొప్పి సంగతి. నడుము నొప్పికి వేడి పనిచేస్తుందా అని ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థ 2006లో ఒకచోట చేర్చి చూసింది. మొత్తం తొమ్మిది పరీక్షలు, 1117 మంది. కొత్తగా పట్టిన నడుము నొప్పికి ఒంటికి చుట్టుకునే వేడి పట్టీ వాడినవాళ్లలో అయిదు రోజుల తర్వాత నొప్పి కొంత తగ్గింది. మేలు చిన్నదే, కొద్ది రోజులదే, అయినా నిజమైనదే. ఆ పరీక్షల్లో వాడింది ప్రత్యేకంగా తయారుచేసిన పట్టీ, మన తడి తువ్వాలు కాదు. అయినా రెండూ ఒంటికి ఇచ్చేది వేడినే కనుక ఆ ఫలితాన్ని మన కాపడానికి అన్వయించుకోవడంలో తప్పులేదు. వేడికి నొప్పి ఎందుకు తగ్గుతుంది? ఆ భాగంలో రక్తనాళాలు విప్పారుతాయి, బిగుసుకున్న కండరం సడలుతుంది. దానికితోడు వెన్నుపాములో ఇంకొకటి జరుగుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రతిపాదన చేశారు. నొప్పి కబురు మెదడుకు పోయే దారిలో వెన్నుపాము దగ్గర ఒక అడ్డుగేటు లాంటి ఏర్పాటు ఉందని, స్పర్శ వంటి ఇతర కబుర్లు ఎక్కువగా చేరినప్పుడు నొప్పి కబురు అక్కడ పలచబడుతుందని వాళ్లు చెప్పారు. ఆ తర్వాత చర్మం వేడిని ఏ అణువుతో పసిగడుతుందో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ అణువు మేలుకొనేది దాదాపు 43 డిగ్రీల దగ్గర. హాయినిచ్చే వేడికీ, మంట పుట్టించే వేడికీ సరిహద్దు అదే.

కాపడంలో మొదటి కొలత ఈ సరిహద్దే. ఎంత వేడిగా ఉంటే అంత మంచిదనే నమ్మకం తప్పు. ఏ వేడికి చర్మం ఎంతసేపట్లో కాలుతుందో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో లెక్క తేల్చారు. 44 డిగ్రీల దగ్గర కాలడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర అయిదు సెకన్లు చాలు. ఈ పదహారు డిగ్రీల తేడాలోనే మందు గాయంగా మారుతుంది. అందుకని కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి, మోచేయి ముంచితే ఓర్చుకోగలిగేంత వేడికి తేవాలి. మందపాటి తువ్వాలు ముంచి గట్టిగా పిండాలి. నొప్పి ఉన్నచోట ముందు పలుచని పొడి బట్ట పరిచి, దానిమీద ఈ తువ్వాలు వేసి, పైన ఇంకో పొడి తువ్వాలు కప్పాలి. చల్లారినప్పుడల్లా మారుస్తూ పదిహేను, ఇరవై నిమిషాలు పెడితే సరిపోతుంది. రబ్బరు సంచి వాడేవాళ్లు సగానికి కాస్త పైవరకే నీళ్లు పోసి, లోపలి గాలి తీసేసి, బిరడా బిగించి, బట్ట చుట్టి వాడాలి. దానిమీద పడుకొని నిద్రపోకూడదు. బామ్ రాసిన చోట కాపడం పెట్టకూడదు, చర్మం పొక్కుతుంది. ఆ ఇరవై నిమిషాలు అయ్యాక చేసేది ఇంకా ముఖ్యం. ఇందాక చెప్పిన కాక్రేన్ పరిశీలనలోనే వేడి పట్టీకి వ్యాయామం తోడైనప్పుడు వారం తర్వాత ఉపశమనం ఇంకా ఎక్కువగా కనిపించింది. కాపడం తీసిన వెంటనే మెడను మెల్లగా కుడికీ ఎడమకూ తిప్పడం, భుజాలు వెనక్కి తిప్పడం, ఇంటి ముందు నాలుగు అడుగులు వేయడం అలవాటు చేసుకోవాలి. వేడి కండరాన్ని సడలిస్తుంది, ఆ సడలింపును నిలిపేది కదలికే.

కొత్తగా తగిలిన దెబ్బకు, చీలమండ బెణికి వాచినప్పుడు మాత్రం వేడి పనికిరాదు, వాపు పెరుగుతుంది. మొదటి రెండు రోజులు చల్లదనమే వాడాలి. మంచుగడ్డను నేరుగా పెట్టకుండా బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టాలి. ఐసు దొరకకపోతే కుండనీళ్లలో తడిపిన బట్ట అయినా కొంత ఊరటనిస్తుంది. వాపు తీశాక మిగిలే బిగుతుకు వేడి వాడవచ్చు.

ఇక సర్ది, దిబ్బడ. ఇక్కడ నిజం మనకు అంత అనుకూలంగా లేదు, దాన్ని దాచిపెట్టకూడదు. జలుబుకు వేడి తేమ గాలి పీల్చడం మీద జరిగిన ఆరు పరీక్షలను, 387 మందిని కాక్రేన్ సంస్థ 2017లో పరిశీలించి, మేలు ఉందని గట్టిగా చెప్పలేమని తేల్చింది. ఇంగ్లండులో పాల్ లిటిల్ బృందం 2013లో ప్రచురించిన పరీక్షలో ఆవిరి పట్టిన వాళ్లకు ప్రత్యేకించి లాభం కనిపించలేదు. పైగా డైరీ రాసి ఇచ్చినవాళ్లలో నలుగురికి, అంటే సుమారు 2 శాతం మందికి, ఆవిరితో స్వల్పంగా కాలింది. మరి ఆవిరి మానేయాలా? అక్కర్లేదు. ఆవిరి పట్టినంతసేపూ, ఆ తర్వాత కొద్దిసేపూ శ్లేష్మం పలచబడినట్టు, గాలి ఆడినట్టు చాలామందికి హాయిగా ఉంటుంది. రాత్రి నిద్రపట్టడానికి ఆ హాయి చాలు. జలుబు రోజులను అది తగ్గిస్తుందని, క్రిమిని చంపుతుందని అనుకుంటేనే చిక్కు. 2021లో కరోనా రెండో అల సమయంలో రోజుకు పలుమార్లు ఆవిరి పట్టిన ఇళ్లెన్నో ఉన్నాయి. వైరస్ మన కణాల లోపల పెరుగుతుంది. అక్కడికి ఆవిరి వేడి చేరదు. చేరేంత వేడి పెడితే ముందు మన ముక్కు, గొంతు కాలిపోతాయి. కాబట్టి రోజుకు ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి అయిదు నుంచి పది నిమిషాలు చాలు. నీళ్ల గంజును పొయ్యి మీద ఉంచి ముఖం పెట్టకూడదు, ఒడిలోనూ మంచం మీదా పెట్టుకోకూడదు. దించి, కదలని పీట మీదో గోడ వారనో పెట్టి, పొంగు ఆగాక, ముఖాన్ని జానెడున్నర దూరంలో ఉంచి ఆవిరి పట్టాలి. చిన్నపిల్లలకు ఆవిరి పట్టనే వద్దు. కాలిన గాయాలతో ఆస్పత్రికి వచ్చే పిల్లల్లో ఆవిరి గంజు ఒలికిన కేసులు డాక్టర్లకు కొత్త కాదు. పసివాళ్ల ముక్కు దగ్గర కర్పూరం, నీలగిరి తైలం కూడా ప్రమాదమే. వాళ్లకు డాక్టరు చెప్పిన ఉప్పునీటి చుక్కలు, తరచుగా పాలు చాలు.

దిబ్బడకు ఆవిరి కంటే ఎక్కువ ఆధారం ఉన్న నీటి పద్ధతి ఇంకొకటుంది. అదే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, యోగాలో జలనేతి అంటాం. పాల్ లిటిల్ బృందమే 2016లో 871 మందితో చేసిన మరో పరీక్ష ఫలితాలు ప్రచురించింది. వీళ్లంతా దీర్ఘకాలంగానో, మళ్లీ మళ్లీగానో సైనస్ బాధ ఉన్నవాళ్లు. ముక్కు కడగడం నేర్చుకున్నవాళ్లకు ఆరు నెలల తర్వాత కూడా కొంత మేలు నిలిచింది. ఆవిరి పట్టినవాళ్లకు తలనొప్పి తగ్గడం తప్ప మిగతా వాటిలో పెద్ద తేడా రాలేదు. నూలు దుమ్ములో, తంబాకు దుమ్ములో పనిచేసేవాళ్లకు ఈ పద్ధతి మరింత పనికొస్తుందని నా ఉద్దేశం. ముక్కులో పేరుకున్న దుమ్మును, చిక్కటి శ్లేష్మాన్ని ఇది నేరుగా కడిగి బయటికి తెస్తుంది. అర లీటరు నీళ్లకు సమంగా ఒక చిన్న చెంచా ఉప్పు, అంటే నాలుగున్నర, అయిదు గ్రాములు. అంతకన్నా తక్కువైతే ముక్కు మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. ఒక్క నియమాన్ని మాత్రం ఎన్నడూ తప్పరాదు. నీళ్లు బుడబుడమని పొంగేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లార్చిన తర్వాతే ముక్కులో పోయాలి. బోరు నీళ్లయినా, నల్లా నీళ్లయినా, బావి నీళ్లయినా ఇదే నియమం. తాగితే ఏమీ కాని నీటిలోని ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు చేరితే ప్రాణం తీస్తుంది. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఈ జబ్బు ఎంత కలవరం రేపిందో వార్తల్లో విన్నాం. వాడే పాత్రను కూడా ప్రతిసారీ శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి.

ఇప్పుడు ఒక న్యాయమైన ప్రశ్న. మేలు ఇంత చిన్నదైతే ఇంత శ్రమ ఎందుకు, ఒక గోలీ వేసుకుంటే పోదా అని అడగవచ్చు. గోలీ ఒకటో రెండో రోజులు, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే నేనేమీ అనను. కానీ బీడీల పని, సాంచాల పని రేపటితో ముగిసిపోయేవి కావు. నొప్పి రోజూ వస్తుంది, గోలీ కూడా రోజువారీ అవుతుంది. నొప్పి గోలీలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అందులో ఏముందో చెప్పకుండా వేసే సూదుల్లో కొన్నిసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. అది ఈరోజు నొప్పిని తీసి, ముందు ముందు ఎముకలను దెబ్బతీస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఏళ్ల తరబడి ఉండే బాధకు, ఏళ్ల తరబడి వాడినా హాని చేయని ఉపశమనమే ముందు ఉండాలి. సరిగ్గా కొలతతో పెట్టిన కాపడం అటువంటిది. వారంలో రెండు రోజులు అది గోలీ అవసరాన్ని తప్పించినా ఏడాదికి ఎన్ని గోలీలు తగ్గుతాయో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. సమయం ఎక్కడిదని ఇంకో ప్రశ్న. లెక్కన కూలి తీసుకునే మనిషికి ఇరవై నిమిషాలంటే మాటలు కాదు. అందుకే దీన్ని పని మధ్యలో పెట్టుకోమని చెప్పను. రాత్రి స్నానానికి ఎలాగూ నీళ్లు కాగుతాయి. ఆ నీళ్లతోనే, పడుకునే ముందు, ఇంట్లో ఇంకొకరి చేయి సాయంతో కాపడం పెట్టించుకుంటే అదనపు గ్యాసు కూడా కాలదు. అలసిన మనిషికి ఇంట్లోవాళ్లు ఆ ఇరవై నిమిషాలు కేటాయించడం న్యాయం కూడా.

నీళ్ల మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. నీళ్లే కదా, హాని ఏముంటుంది అనుకోవద్దు. చక్కెర జబ్బు ఏళ్లుగా ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తగ్గుతుంది. కాళ్లు వేడినీళ్లలో పెడితే కాలుతున్న సంగతి వాళ్లకు తెలియదు. ఆ పుండు మానక చివరికి వేలు, పాదం తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఉంది. వాళ్లు పాద స్నానం జోలికి పోకపోవడమే మంచిది. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఒళ్లంతా వేడెక్కే స్నానాలు చేయకూడదు. పిక్క ఒక్కటే వాచి నొప్పి పెడితే కాపడం, మర్దన రెండూ వద్దు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి, చేతికో దవడకో పాకి, చెమటలు పడితే కాపడం కోసం నీళ్లు పెట్టొద్దు, 108కి ఫోన్ చేయాలి. నడుము నొప్పితో పాటు కాలు చచ్చుబడ్డట్టు ఉన్నా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. రెండు వారాలు దాటిన దగ్గును ఆవిరితో నెట్టుకురాకూడదు. అది క్షయ కావచ్చు, తెమడ పరీక్ష ప్రభుత్వ దవాఖానాలో ఉచితం. వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగదీసి దమ్ము వస్తే, అది పత్తి దుమ్ము తెచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తు. పత్తి మిల్లుల్లో ఈ గుర్తును డాక్టర్లు ఎప్పటినుంచో ఎరుగుదురు. ఆ దమ్మును ఏ నీళ్లూ కడగలేవు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పెద్ద డాక్టరు కోసం హైదరాబాద్ దాకా పోవాలనే సాకు ఇప్పుడు చెల్లదు.

చివరగా ఈ వాదనంతా చేరవలసిన చోటు ఒకటుంది. కాపడం నొప్పిని తగ్గిస్తుంది, నొప్పి పుట్టించే పనిని మార్చదు. రాత్రి తగ్గిన నొప్పిని చూసుకొని తెల్లారి ఇంకో రెండు వందల బీడీలు ఎక్కువ చేస్తే, నీళ్లు కూడా గోలీ చేసే పనే చేసినట్టు. అవి ఒంటి హెచ్చరికను నొక్కేస్తాయి, ఒళ్లు మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఉపశమనం దొరికిన ఆ కాస్త వెసులుబాటును మార్పుకు వాడుకోవాలి. గోడకు వీపు ఆనించి కూర్చోవడం, చేట కింద దిండు పెట్టి దాన్ని కళ్లకు కొంచెం దగ్గరగా తేవడం, ప్రతి కట్టల వరుస అయ్యాక లేచి ఒళ్లు విరుచుకోవడం, సాంచాల దగ్గర ముక్కుకు మాస్కు, షెడ్డులో గాలి ఆడే ఏర్పాటు. వీటిలో మొదటి మూడూ ఇంట్లో చేసుకోగలం. చివరి రెండూ యజమానులు, సాంచాలు నడిపించే ఆసాములు, ప్రభుత్వం కలిసి చేయాలి. బీడీ కార్మికుల సంక్షేమ నిధికి 1976లోనే చట్టం వచ్చిందంటే, వాళ్ల ఆరోగ్యం వాళ్ల సొంత బరువు మాత్రమే కాదని ఈ దేశం అప్పుడే ఒప్పుకున్నట్టు. ఈ రాత్రి కాపడం పెట్టుకోండి, మోచేయి ముంచి చూసి, ఇరవై నిమిషాలు. రెండు వారాలైనా తగ్గని నొప్పిని డాక్టరుకు చూపించండి. పనిచోట మార్చవలసినవి నలుగురూ కలిసి అడగండి. ఈ మూడూ కలిసినప్పుడే ఇంటి వైద్యం నిజంగా వైద్యమవుతుంది.